సూరత్‌కు మోసుకెళ్ళిన శాలువా

సూరత్ అనగానే మా కరీంనగర్ వైపు సగం మందికి చీరలు గుర్తొస్తాయి. మిగతా సగం మందికి మగ్గాల పనికి పోయి అక్కడే ఉండిపోయిన మేనమామో చిన్నాయనో గుర్తొస్తాడు. నేను చీరలకు పోలేదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. తిరిగొచ్చిన రోజు నుంచి మా వీధి ఆడవాళ్ళ చూపంతా నా సూట్‌కేసు మీదే ఉంది. అందులో ఉన్నది రెండు కిలోల ఘారీ మిఠాయి, ఉతకాల్సిన బట్టలు. వెళ్ళేటప్పుడు మాత్రం ఒక శాలువా ఉంది. ఈ కథంతా దాని గురించే.

నేను మత్తు మాన్పించే కేంద్రంలో నర్సును. కిందటేడు మా దగ్గర ఇద్దరు మగవాళ్ళను కొత్తగా పనిలోకి తీసుకున్నారు. ఇద్దరూ ఒకప్పుడు మత్తులో మునిగి, తేలి, నిలదొక్కుకున్నవాళ్ళే. పడ్డవాడికే గుంత లోతు తెలుస్తుంది కాబట్టి, మత్తులో ఉన్నవాళ్ళు మా కంటే వాళ్ళ మాటే వింటారని ఆశపడ్డాం. నిజంగానే విన్నారు. కానీ కొన్ని నెలలు గడిచేసరికి ఆ ఇద్దరే ఒకరి వెనక ఒకరు రావడం మానేశారు. “మళ్ళీ మొదలుపెట్టి ఉంటారు” అని ఆఫీసులో తేల్చేశారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. సూరత్‌లో ఒక కేంద్రం ఉందనీ, అక్కడ ఇలాంటివాళ్ళే ఏళ్ళ తరబడి నిలబడి పనిచేస్తున్నారనీ మా డాక్టరు చెప్పాడు. మా అక్కాబావా ఎలాగూ సూరత్‌లోనే ఉన్నారు. సెలవు పెట్టి బయలుదేరాను.

ఇక శాలువా సంగతి. సిరిసిల్ల రాజేశం సూరత్‌లో పవర్‌లూమ్ మీద పనిచేస్తూ సూది మత్తుకు అలవాటుపడ్డాడు. ఒకరోజు మోతాదు మించి పడిపోయాడు. అలా పడిపోయినవాడు చూడ్డానికి నిద్రపోతున్నట్టే ఉంటాడు కానీ ఊపిరి తగ్గిపోతూ పోతూ ఆగిపోతుంది. పెదవులు నీలంగా మారేలోపు ఎవరో ఒకరు రావాలి. రాజేశం దగ్గరికి ఆ కేంద్రం నుంచి మల్లేశం అనే ఒకప్పటి మగ్గం పనివాడు, మన తెలుగువాడే, పరుగెత్తుకొచ్చి, విరుగుడు సూది వేసి, నోట్లో ఊపిరి ఊది లేపాడు. ఆ రాజేశం ఇప్పుడు మా దగ్గర మందులు తీసుకుంటూ, సిరిసిల్లలో మళ్ళీ మగ్గం నడుపుతున్నాడు.

నేను సూరత్ పోతున్నానని తెలిసి, రాజేశం వాళ్ళమ్మ రాజవ్వ బీడీలు చుట్టే పని పక్కనబెట్టి బస్సెక్కి వచ్చింది. ఒక పొట్లం నా చేతిలో పెట్టింది.

“సిస్టరమ్మా, గీ శాలువ ఆయినకు నా పేరు మీద ఇయ్యి. సన్మానాలల్ల కప్పే పల్చటిది గాదు, మందం జూసి తీస్కున్న. శాలువ అంటె కప్పుకుంటె ఎచ్చగుండాలె గద.”

నందుర్బార్ దాటాక

మహారాష్ట్ర అంతా నిద్రలో గడిచిపోయింది. గుజరాత్ సరిహద్దు దగ్గరి నందుర్బార్ దాటాక తెల్లారింది. ఎదురు బెర్తు పెద్దాయన స్టీలు డబ్బా మూత తీసి, అడక్కుండానే ఒక సర్వపిండి ముక్క నా చేతిలో పెట్టాడు. జగిత్యాల దగ్గర వాళ్ళ ఊరట. సూరత్ లింబాయత్‌లో మగ్గాల మీద పనిచేసి పనిచేసి చెవులు మందగించాయట. అందుకే గట్టిగా మాట్లాడతాడు. పెట్టె మొత్తానికి మా సంభాషణ వినిపించింది.

గుజరాత్‌లో మద్యం నిషేధం కదా, ఆ లెక్కన మా వైపు కంటే మత్తు గొడవలు తక్కువ ఉండాలి కదా అన్నాను. ఆయన నవ్వాడు.

“బిడ్డా, దుకాణం బంద్ వెట్టినంత మాత్రాన తాగెటోని నాలుక బంద్ అయితదా? గది దొర్కకుంటె ఇంకోటి దొర్కుతది. రాత్రి పాళీ, పగటి పాళీ, ఒక్క అర్రల పదిమంది. నిద్ర రాదు. నిద్ర కోసమని ఒకడు మొదలువెడ్తడు.”

“ఎవరన్నా పడిపోతే ఏం చేస్తరు?”

ఆయన డబ్బా మూత పెట్టేశాడు. “ఏం జేస్తరు? తలుపు వెడ్తరు. పోలీసులొస్తరని, సేట్ అర్ర ఖాళీ చెయ్యమంటడని. తలుపు దీసేసరికి అయిపోతది.” మళ్ళీ తనే, “మల్లేశం అని ఒకడున్నడు. వాన్నైతె పిలుస్తరు. వాడు ఎవలికి చెప్పడు గనుక పిలుస్తరు” అన్నాడు.

నా సూట్‌కేసులో ఉన్న శాలువా మీద నాకు గర్వం కలిగింది. పెద్దాయన చెప్పిన ఆఖరి మాటను మాత్రం పట్టించుకోలేదు. అది పట్టించుకుని ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదు.

అమ్రోలిలో అక్క ఇల్లు

బావ రైల్వేలో హెడ్ క్లర్కు. ఇల్లు తాపీ నది అవతల అమ్రోలిలో. స్టేషనుకు వచ్చి నా పెట్టె అందుకుంటూనే, “సగం ఖాళీగా ఉందేంది మరదలా, మా ఊరు దోచుకుపోదామనా?” అన్నాడు. దారిలోనే లోచో తినిపించాడు. శనగపిండిని ఆవిరి మీద ఉడికించి, మెత్తగా గరిటెతో తీసి, పైన సన్న కారప్పూసలాంటి సేవ్, నూనె, కారం చల్లి ఇస్తారు. ప్లేటు నలభై రూపాయలు. ఎవరో ఖమన్ అనే ఆవిరి బిళ్ళలు చేయబోతే అది కుదరక జావైపోయిందనీ, ఆ పొరపాటు పేరే దానికి పెట్టారనీ బండివాడు చెప్పాడు. చెడిపోయిన వంటను పారేయకుండా పేరు పెట్టి అమ్ముకున్న ఊరంటే నాకు అప్పుడే ఇష్టం పుట్టింది.

చాయ్ కప్పులో ఇచ్చి, తాగడానికి సాసరు ఇస్తారు. అందరూ సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగుతారు. మా నాయనమ్మ అలా తాగితే మేం నవ్వేవాళ్ళం. అక్కడ బ్యాంకు మేనేజర్లూ అలాగే తాగుతున్నారు. పప్పులో బెల్లం వేయడం ఒక్కటే నాకు చివరిదాకా అలవాటు కాలేదు. అక్క కూడా ఇన్నేళ్ళకు ఆ రుచికి తిరిగిపోయింది. “సప్పగుంటదని జర ఏసిన” అని నన్నే మందలించింది.

భోజనాల దగ్గర రాజేశం కథంతా చెప్పి, శాలువా చూపించాను. బావ తినడం ఆపాడు. ఆయన అక్కడి తెలుగు సమాజానికి కార్యదర్శి. బతుకమ్మ ఆడించేదీ, బదిలీ మీద పోయేవాళ్ళకు వీడ్కోలు సభలు పెట్టేదీ ఆయనే. మనవాళ్ళ సంగతి మీకు తెలిసిందే. మంచి పని చేసిన మనిషి కనబడితే చాలు, చేతులు శాలువా కోసం వెతుక్కుంటాయి.

“ఆదివారం సమాజం హాల్లో పెడదాం. మనవాడు మనవాళ్ళ ప్రాణం కాపాడితే మనకే తెలియకపోవడం ఏంది? నువ్వే కప్పాలె” అన్నాడు బావ.

నేను వద్దనలేదు. పైగా నాకు సంబరమేసింది. మగ్గాల మనిషిని రైల్వేవాళ్ళూ బ్యాంకువాళ్ళూ లేచి నిలబడి గౌరవిస్తారు కదా అనుకున్నాను.

మేకుల గోడ

కేంద్రం ఉధనాలో, మగ్గాల షెడ్ల వెనక సందులో ఉంది. సందులోకి అడుగు పెట్టగానే ఖట్‌ఖట్ చప్పుడు పాదాల్లోంచి పైకి పాకుతుంది. లోపల ఒక పెద్ద గది, కట్లు కట్టే బల్ల, కుండలో నీళ్ళు. ఒక గోడకు వరసగా మేకులు కొట్టి ఉన్నాయి. ఒక్కో మేకుకు ఒక్కో భుజం సంచి వేలాడుతోంది. సంచిలో విరుగుడు మందు, సిరంజీలు, నోటికి అడ్డం పెట్టి ఊపిరి ఊదే తొడుగు, నీళ్ళ సీసా. ఇలా పడి లేచి, ఇప్పుడు పడ్డవాళ్ళను లేపే మనుషుల్ని అక్కడ సాథీలంటారు. ఎవరి మేకు వాళ్ళదే.

అక్కడి పెద్దదిక్కు హంసాబెన్‌కు యాభై దాటి ఉంటాయి. గుజరాతీ పద్ధతిలో కొంగు ముందుకు వేసుకుని, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక గిన్నె పట్టుకుని తిరుగుతుంటుంది. మేం హిందీలో మాట్లాడుకున్నాం. ఆవిడ హిందీ నా హిందీ కంటే ఏమంత మెరుగు కాదు కాబట్టి ఇద్దరికీ బాగా కుదిరింది.

“పడిపోయినవాళ్ళను సాథీలు చూసుకుంటారు. సాథీలను నేను చూసుకుంటాను. నా ఉద్యోగం అదే” అంది.

“మరి మిమ్మల్ని ఎవరు చూసుకుంటారు?” అని ఏడిపించాను.

“మా ఆయన. వంట బాగా చేస్తాడు” అంది, నవ్వకుండా.

మధ్యాహ్నం ఇద్దరు సాథీలు చెమటలు కక్కుతూ లోపలికొచ్చారు. ఒకతను రఫీక్, ఆటో నడుపుతాడు. పడిపోయినవాణ్ణి చూసి వస్తున్నారని మొహాలే చెబుతున్నాయి. నర్సు నోరు ఊరుకుంటుందా? “పేషెంటు ఎలా ఉన్నాడు? ఎంతసేపటికి ఊపిరి తీశాడు?” అని మొదలుపెట్టాను. హంసాబెన్ నా మణికట్టు పట్టుకుని, “బేసో, బెన్” అంది. కూర్చోమని. నేను కూర్చున్నాను. ఆవిడ వాళ్ళ ముందు ఖిచిడీ, మజ్జిగపులుసులాంటి కఢీ పెట్టింది. ఎవరూ ఏమీ అడగలేదు. వాళ్ళు తిన్నారు, చేతులు కడుక్కున్నారు. అప్పుడు రఫీక్ తనంతట తనే, “లేచాడు. లేచి నన్నే తిట్టాడు” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు వాళ్ళచేత ఎవరూ ఏమీ రాయించలేదు. సాయంత్రం ఒకరి గదికి ఒకరు తోడు వెళ్ళారు. పడిపోయినవాణ్ణి చూసొచ్చిన రోజు సాథీ ఒంటరిగా పడుకోకూడదని వాళ్ళ కట్టుబాటు. కళ్ళు మూసుకుంటే ఆ పడిపోయినవాడి చోట కనబడేది పాత తానేనట.

మా దగ్గర ముందు రిపోర్టు, తర్వాతే మంచినీళ్ళు. ఇప్పుడు రావడం మానేసిన ఆ ఇద్దరినీ రిపోర్టు రాయమని కూర్చోబెట్టి, రాసింది చాలదని తిప్పి పంపడం నా కళ్ళతో చూశాను.

ఒక మేకు మీది సంచికి మాత్రం బట్ట ముక్క కప్పి ఉంది, దుమ్ము పడకుండా. “అది మల్లేశంది” అంది హంసాబెన్. “కొన్నాళ్ళుగా తియ్యడం లేదు. ఎప్పుడు తీస్తావని ఎవరం అడగం. జీతం ఆగదు. ఇక్కడే కూర్చుని వేరే పని చేస్తాడు. మందు గడువు తీరకుండా నేను మారుస్తుంటాను.”

“ఎందుకు తియ్యడం లేదు?”

“అది అతను చెప్పాల్సిన మాట.”

మల్లేశం మూలన కూర్చుని దూది ఉండలు చేస్తున్నాడు. బక్కమనిషి, గడ్డంలో తెల్లవెంట్రుకలు. తెలుగు వినగానే తలెత్తాడు. రాజేశం బాగున్నాడని చెప్పాను. “తింటున్నడా?” అని ఒక్కమాట అడిగి మళ్ళీ తల దించుకున్నాడు. సిగ్గరి అనుకున్నాను. రాజవ్వకు చూపిస్తాను, ఒక ఫోటో తీసుకుంటానంటే కాదనకుండా నిలబడ్డాడు.

ఆ ఫోటోనే రాత్రి బావకిచ్చాను. పేషెంటు ఫోటో అయితే చచ్చినా ఇవ్వను, ఉద్యోగం నేర్పిన మొదటి పాఠం అది. మల్లేశం పేషెంటు కాదు కదా, మాలాంటి ఉద్యోగే కదా అనుకున్నాను.

ఫోన్ పలకలేదు

శనివారం నేను వెళ్ళేసరికి కేంద్రం నిశ్శబ్దంగా ఉంది. రఫీక్ తన ఫోను నా ముందు పెట్టాడు. అందులో బావ చేయించిన ఫ్లెక్సీ ఫోటో ఉంది. అమ్రోలిలో సమాజం గేటుకు కట్టారు. అంతటితో ఆగక వాట్సాప్ గ్రూపుల్లో వదిలారు. నేను తీసిన ఫోటోలో మల్లేశం, మెడచుట్టూ బావ అతికించిన బొమ్మ పూలదండ. కింద పెద్దక్షరాలతో, ‘మత్తును జయించి, మత్తు బాధితుల ప్రాణాలు నిలుపుతున్న శ్రీ మల్లేశం గారికి ఘన సన్మానం’.

తెలుగు చదవలేని రఫీక్ “ఏం రాశారు?” అని అడిగాడు. హిందీలోకి మార్చి చదివి వినిపించాను.

మల్లేశం పొద్దున రాలేదు. ఫోన్ ఆఫ్. గదిలో లేడు. మత్తు వదిలినవాడి ఫోన్ ఆగిపోతే ముందు ఏ అనుమానం వస్తుందో నాకూ అదే వచ్చింది. నిజంగా భయమేసింది. “అతను పాతరోజుల్లో ఎక్కడ కొనేవాడు? అక్కడ చూద్దాం పదండి” అన్నాను.

హంసాబెన్ నా వైపు తిరిగింది. కోప్పడలేదు కానీ, ఆ రోజు గొంతు వేరుగా ఉంది. “అక్కడికి వెళ్ళి వెతికితే, అతను అక్కడ లేకపోయినా మనం అతన్ని అక్కడే నిలబెట్టినట్టు. రఫీక్ వెళ్తాడు. నువ్వూ వెళ్ళు. ఫోటో ఇచ్చింది నువ్వే కదా.”

మల్లేశం, రఫీక్ జోడీగా పనిచేసేవాళ్ళు. ఎక్కడుంటాడో రఫీక్‌కు తెలుసు. ఆటో కడోదరా వైపు తిప్పాడు. బార్డోలీ చక్కెర మిల్లులకు పోయే చెరకు లారీలు మా పక్కనుంచి ఊగుకుంటూ పోతున్నాయి. దారిలో బండి ఆపి ఒక పొట్లం ఖమన్ కొన్నాడు. ఇప్పుడు తిండెందుకయ్యా అని విసుక్కున్నాను.

“ఖాళీ చేతులతో వెళ్తే పట్టుకోవడానికి వచ్చినట్టుంటుంది దీదీ,” అన్నాడు. తర్వాత కొంచెం దూరం పోయాక అన్నాడు, “నేను మానేసి ఎన్నేళ్ళయిందో. స్నానానికి వెళ్ళి కాస్త ఆలస్యమైతే మా ఇంట్లో ఇప్పటికీ తలుపు కొడతారు. కొట్టినప్పుడల్లా, వీళ్ళు ఎలాగూ నమ్మరు కదా అనిపిస్తుంది. ఆ మాట మనసులోకి వచ్చిన రోజే మాకు ప్రమాదం.”

మా ఆఫీసులో తేల్చేసిన మాట నాకు గుర్తొచ్చింది. 

కడోదరా షెడ్డులో

రఫీక్ అనుకున్నట్టే మల్లేశం ఒక మగ్గాల షెడ్డులో ఉన్నాడు. పాత స్నేహితుడి బదులు రెండు మగ్గాలు నడుపుతున్నాడు. ఆ చప్పుడులో పిలిస్తే వినబడదు. రఫీక్ భుజం తట్టాడు. బయట చాయ్ బండి దగ్గరికి వచ్చాక, మేం ఏమీ అడగకముందే మల్లేశం చొక్కా చేతులు పైకి మడిచి, రెండు చేతులూ ముందుకు చాపాడు.

“చూస్కో. ఏం లేదు.”

రఫీక్ ఆ చొక్కా చేతులు కిందికి లాగి గుండీలు పెట్టాడు. “ఖమన్ తెచ్చాను. చేతులు చూడ్డానికి రాలేదు” అన్నాడు.

తిన్నాం. హంసాబెన్ కట్టుబాటు నాకు అప్పటికి వంటబట్టింది. పొట్లం ఖాళీ అయ్యేదాకా నోరు విప్పలేదు. అప్పుడు చెప్పాను, తప్పు నాదేనని, ఫోటో నేనే ఇచ్చానని.

మల్లేశం చాయ్ సాసరులో పోసుకున్నాడు.

“అక్కా, ఓదేలు అని ఒకడుండె. మా పక్కర్రనే. నాకు తమ్మునోలె. మొన్న దీపావళి ముంగట పడిపోయిండు. వాని అర్రోళ్ళు నన్ను పిల్వాల్నా వద్దా అని సోంచాయించిన్రు. నేనొస్తె మత్తు కేసని సేట్‌కు తెలుస్తదని బయపడ్డరు. పిల్సేసరికి పెదవులు నల్లగైనయి. సూది ఏసిన, ఊపిరి ఊదిన. అంబులెన్స్ అచ్చెదాక ఊదుతనే ఉన్న. లేవలె.”

రఫీక్‌కు భాష తెలియకపోయినా ఓదేలు పేరు తెలుసు. తల పక్కకు తిప్పుకున్నాడు.

“గా దినం నేను నా అంగి ఇడ్సి పక్కన వెట్టుకున్న. సూది వడ్డంక లేసినోనికి మస్తు చలి వెడ్తదక్కా. గజగజ వణుకుతరు. లేస్తె కప్పుదామని వెట్టుకున్న. గా అంగి అట్లనే తీస్కొని అచ్చిన.” సాసరు పక్కన పెట్టాడు. “రాజేశం బత్కిండని శాలువ కప్పుతమంటున్రు. మరి ఓదేలు పోయిండు గద. దానికేం కప్పుతరు? గా బొమ్మ ఓదేలు అర్రోళ్ళ ఫోన్లకు గూడ అచ్చింది.”

నేను ఖాళీ పొట్లం కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

“నా బాధ నేను పడ్త,” అన్నాడు మల్లేశం. “గని ఇప్పుడు నా మొకం అందరికి ఎర్కైంది. నేను ఏ అర్రకు పోతె గా అర్ర మత్తు అర్ర అయితది. ఇగ నన్నెవలు పిలుస్తరు? ఓదేలు కాడ జర ఆలిశెం జేసిన్రు. ఇగ మొత్తానికే పిల్వరు.”

రైల్లో పెద్దాయన మాట అప్పుడు తలకెక్కింది. ఎవరికీ చెప్పడు కనుకనే మల్లేశాన్ని పిలుస్తారు. మేం గౌరవం పేరుతో గేటుకు కట్టింది ఆ నమ్మకాన్నే.

గేటు దగ్గర బావ

అమ్రోలికి వచ్చి బావకు చెప్పాను. ముందు నొచ్చుకున్నాడు. “మంచి చేద్దామనుకుంటే అదీ తప్పేనా? నేనేమన్నా వాణ్ణి తిట్టినానా?” అన్నాడు. అక్క వంటింట్లోంచే అంది, “మీ చెల్లె కొడుక్కు పిచ్చాసుపత్రిల నయమైందని ఇట్లనే గేటుకు కడ్తవా?”

బావ చెప్పులేసుకున్నాడు. నిచ్చెన దొరక్కపోతే ఆ వయసులో గోడెక్కి తనే తాళ్ళు విప్పాడు. గ్రూపుల్లో పెట్టింది తీసేసి, కార్యక్రమం రద్దయిందని మాత్రం రాశాడు. కారణం ఎంతమంది అడిగినా చెప్పలేదు. ఏ విషయమైనా నలుగురికీ చెప్పనిదే నిద్రపట్టని మనిషి, ఆ ఒక్కటి కడుపులో పెట్టుకున్నాడు. అప్పటికే చూసినవాళ్ళ కళ్ళలోంచి మాత్రం తీయలేం కదా. ఆ రాత్రి ఇద్దరం సరిగా తినలేదు.

మేడ మీద పోంక్

చలికాలంలో సూరత్‌లో పోంక్ తింటారు. లేత జొన్నకంకులు కాల్చి, నలిపి తీసిన పచ్చటి గింజలు. మన ఊచబియ్యమే. మనం చేను గట్టున నిలబడి నలుపుకుని ఊదుకు తింటాం, వాళ్ళు సేవ్, నిమ్మరసం, వడలు చేర్చి పండగ చేస్తారు. ధర కూడా పండగలాగే ఉంది. సభ జరగాల్సిన ఆదివారం మధ్యాహ్నం కేంద్రం మేడ మీద సాథీలందరికీ పోంక్ పెడుతున్నానని హంసాబెన్ కబురంపింది. బావను కూడా రమ్మంది.

బావ చంకలో చుట్ట పెట్టుకుని వచ్చాడు. ఆ ఫ్లెక్సీయే. “పారేస్తే ఎవడన్నా గుడిసె మీద కప్పుకుంటాడు, మళ్ళీ మొహం కనబడుతుంది” అని, బొమ్మ నేలకేసి, తెల్లవైపు పైకి వచ్చేలా మేడ మీద పరిచాడు. అందరం దాని మీదే కూర్చుని తిన్నాం. ఉపన్యాసం లేకుండా బావ పాల్గొన్న మొదటి సభ అదేనేమో. మల్లేశం ముందు చేతులు జోడించబోయాడు. మల్లేశం ఆ చేతుల్లో పోంక్ గిన్నె పెట్టి, “తినున్రి సార్, సల్లగైతది” అన్నాడు.

మాటల్లో తెలిసింది, ఓదేలు గదివాళ్ళు శనివారం సాయంత్రమే మల్లేశం గదికి వచ్చారట. ఫ్లెక్సీ చూసి భయపడ్డారా అని అడిగాను. “బయపడ్డరు. గని, ఇంకోసారి ఆలిశెం చెయ్యమన్నరు. సేట్ ఎల్లగొడ్తె ఇంకో అర్ర దొర్కుతది, ఓదేలు దొర్కడు అన్నరు” అని చెప్పాడు. అందరూ అలా అంటారని కాదు. పిలవడం మానేసేవాళ్ళూ ఉంటారు. ఆ తప్పు మా లెక్కలోనే ఉంటుంది.

చివరికి నేను సంచిలోంచి పొట్లం తీశాను. “ఇది నేను కప్పను. రాజేశం వాళ్ళమ్మ పంపింది. ఏం చేసుకుంటవో నీ ఇష్టం” అని పక్కన పెట్టాను.

మల్లేశం కాగితం విప్పాడు. శాలువాను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, మగ్గం మనిషి చూసినట్టు నలిపి చూశాడు.

“మందమే ఉన్నది,” అన్నాడు.

లేచి మెట్లు దిగి కిందికి పోయాడు. ఎవరూ వెంట పోలేదు. కాసేపటికి ఆగలేక మెట్ల దాకా వెళ్ళి తొంగి చూశాను. మల్లేశం మేకు మీది సంచి దించి, కప్పిన బట్ట తీసేసి, శాలువాను లోపల కుక్కుతున్నాడు. పట్టడం లేదు. మళ్ళీ మడిచి, ఇంకా సన్నగా మడిచి, నీళ్ళ సీసా పక్క జేబులోకి మార్చి ఎట్లాగో పట్టించాడు. సంచి మళ్ళీ మేకుకే తగిలించాడు. నేను హంసాబెన్ వైపు చూశాను. ఆవిడ కావాలనే రోడ్డు మీద పోయే గాలిపటాల బండి వైపు చూస్తోంది.

మర్నాడు రైలుకు ముందు సెలవు తీసుకోవడానికి వెళ్ళాను. మల్లేశం లేడు, రఫీక్ లేడు. గోడ మీద రెండు మేకులు ఖాళీగా ఉన్నాయి. హంసాబెన్ ఖిచిడీకి బియ్యం కడుగుతోంది.

ఇంటికొచ్చాక

వచ్చిన వారంలోనే మా కేంద్రం గోడకు రెండు మేకులు కొట్టించాను. ఏం తగిలిస్తారని ఆఫీసువాళ్ళు అడిగారు. ముందు మనుషులు రానీ అన్నాను. మానేసిన ఇద్దరిలో ఒకరింటికి అక్క కట్టిచ్చిన ఘారీ పట్టుకుని వెళ్ళాను. ఎందుకు మానేశావని అడగలేదు. తిన్నాం, వాళ్ళ బర్రె గురించి మాట్లాడుకున్నాం, వచ్చేశాను. రెండోసారి వెళ్ళినప్పుడు అతనే వీధి చివరిదాకా దిగబెట్టాడు. అంతవరకే అయింది.

నిన్న హంసాబెన్ ఫోన్ చేసింది. మబ్బు పట్టిందట, ఉతికిన శాలువా ఆరడం లేదని సణిగింది. ఉతికారంటే ఎవరికో కప్పారన్నమాట. కప్పారంటే ఎవరో లేచి, చలికి వణికారన్నమాట.

ఈ పూట రాజేశం మందులకు వచ్చాడు, వెంట రాజవ్వ. “శాలువ కప్పుకుంటున్నడా?” అని అడిగింది. ఆమె ముచ్చటపడి కొన్నది. ఎవరెవరి ఒంటి మీదో పడుతోందని చెబితే చిన్నబుచ్చుకుంటుందేమోనని జంకాను. కానీ దాచబుద్ధి కాలేదు, ఉన్నదున్నట్టు చెప్పాను. లేచినవాళ్ళకు చలి పెడుతుందని, మల్లేశం దాన్ని సంచిలో మోసుకు తిరుగుతున్నాడని, ఇప్పుడు ఉతికి ఆరేశారని.

రాజవ్వ కొడుకు వైపు తిరిగింది. ఆ రోజు నీకూ చలి పెట్టిందా అని అడిగింది. రాజేశం తలూపాడు.

“మరి గది ఆరెదాక ఎట్ల సిస్టరమ్మా?” అంది. “ఇంకోటి పంపుదాం.”